ఓనమాల ఇసుక నుంచి అంగన్‌వాడీ ముంగిలి దాకా: శిశువిద్య ఉపాధ్యాయినుల శిక్షణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆరేళ్లలోపు పిల్లలకు చదువు చెప్పేవారికి ప్రత్యేకమైన శిక్షణ ఉండాలన్న భావన భారతదేశంలో ఇరవయ్యో శతాబ్దిలో రూపుదిద్దుకొన్నది. భావనగర్‌లో గిజుభాయి బధేకా, అడయారులో మారియా మాంటిస్సోరి, బోర్డీ–కోస్‌బాడ్‌లలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ ఆ భావనకు మూడు భిన్నమైన రూపాలు ఇచ్చారు. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ఈ పనిని పల్లెపల్లెకు విస్తరింపజేసింది. అయితే విస్తరణతోపాటు శిక్షణకాలం తరిగిపోయింది. ఉపాధ్యాయిని ‘సేవిక’గా, ‘కార్యకర్త’గా మారింది. శిక్షణకాలం, వృత్తిగౌరవం, వేతనం అనే మూడింటికీ మధ్య ఉన్న చారిత్రక సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపోద్ఘాతం

విద్యాచరిత్రను గురించి తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా వీధిబడి, ప్రాథమిక పాఠశాల, కళాశాల, విశ్వవిద్యాలయాల చుట్టూ తిరిగాయి. బడి ఈడుకు ముందున్న బాల్యం చరిత్ర రచనలో ఇంటి విషయంగానే మిగిలిపోయింది. ఉగ్గుపాలు, జోలపాట, అమ్మమ్మ కథ – ఇవి జానపద సాహిత్య పరిశోధకుల పరిధిలోకి వచ్చాయేగాని విద్యాచరిత్రలోకి రాలేదు. అందువల్ల ఆ వయసు పిల్లలతో పనిచేసే స్త్రీ ఎవరు, ఆమె ఆ పనిని ఎక్కడ నేర్చుకొన్నది, ఆ నేర్పుకు సమాజం ఏ విలువ కట్టింది అన్న ప్రశ్నలు వెనుకబడ్డాయి.

ఈ ప్రశ్నలు కేవలం గతానికి చెందినవి కావు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల వయసు నుంచే పిల్లలను పాఠశాల విద్యా నిర్మాణంలోకి తెచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు గల అయిదేళ్లను ‘పునాది దశ’గా పేర్కొన్నది. ఆ పునాదిని వేయవలసిన చేతులకు ఎంత శిక్షణ ఇవ్వాలన్నది నేటి చర్చ. ఈ చర్చకు నూరేళ్ల పూర్వరంగం ఉన్నది.

1. శిక్షణ ఎరుగని బడి

పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్ల తెలుగు వీధిబడిని గురించి లభిస్తున్న ప్రధాన ఆధారాలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ఒకటి. గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యాసర్వేలో భాగంగా ఆయన దానిని రాశాడు. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులున్నాయి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. పిల్లవాడికి అయిదేళ్లు నిండగానే పంతులును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయకుని ప్రతిమ ముందు కూర్చోబెట్టి, బియ్యంలో అక్షరాలు దిద్దించేవారని ఆ నివేదిక వర్ణిస్తున్నది. ఆ తరువాత బడిలో ఇసుకపై వేలితో ఓనమాలు దిద్దడం మొదలయ్యేది.

ఈ వర్ణనలో రెండు విషయాలు ప్రస్తుతాంశానికి ముఖ్యం. మొదటిది, చదువు అయిదేళ్లకు ఆరంభమవుతుంది. అంతకు ముందటి వయసుకు గురువు లేడు, ఇల్లే బడి. రెండోది, కొత్తగా చేరిన చిన్నపిల్లలకు పంతులు కంటె ముందు బడిలోని పెద్దపిల్లలే అక్షరాలు దిద్దించేవారు. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకొని, ఇంగ్లండులో దానిని అనుకరించడం సముచితమే అన్నాడు. ఆయన ప్రస్తావించిన అనుకరణకు మూలం మద్రాసులోనే ఉన్నది. ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయం పర్యవేక్షకుడు ఆండ్రూ బెల్, స్థానిక పిల్లలు ఇసుకలో రాయడం చూసి, పిల్లల చేత పిల్లలకు చెప్పించే విధానాన్ని అక్కడ ప్రవేశపెట్టాడు. దానిని గురించి 1797లో ఆయన ప్రచురించిన పుస్తకంతో అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండులో ప్రసిద్ధి పొందింది.

తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అక్షరాలు నేర్పడం ఈ పద్ధతి ఆకర్షణ. కాని దానిలో ఒక ఊహ దాగి ఉన్నది. చిన్నపిల్లల చదువు సులభమైనది, అందుకు తనకంటె రెండేళ్లు పెద్దవాడైన పిల్లవాడు సరిపోతాడు అన్నదే ఆ ఊహ. ఎంత చిన్న పిల్లలకు చెబితే అంత తక్కువ నేర్పు చాలునన్న ఈ అభిప్రాయం ఆ తరువాతి రెండు శతాబ్దాలలోనూ వివిధ రూపాల్లో తిరిగి కనిపిస్తుంది.

2. ఐరోపాలో కొత్త ఆలోచన

ఈ అభిప్రాయాన్ని ఎదిరించినవారిలో ముందుగా చెప్పవలసినవాడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆయన ప్రారంభించిన సంస్థకు 1840లో ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. పిల్లలను మొక్కలుగా, బడిని తోటగా భావించిన ఈ పేరులో తోటమాలి స్థానం ఉపాధ్యాయినిది. తోటమాలికి మొక్కల స్వభావం తెలియాలి కనుక యువతులకు ప్రత్యేక శిక్షణ అవసరమని ఫ్రోబెల్ వాదించాడు. తన చివరి సంవత్సరాలను ఆ శిక్షణకే వెచ్చించాడు. ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించి, 1860 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించడం చిన్నపిల్లల ఆటకు సైతం రాజకీయ ప్రాధాన్యం ఉంటుందని తెలుపుతుంది. మద్రాసు రాజధానిలో బాలికా పాఠశాలల పర్యవేక్షకురాలిగా పనిచేసిన ఇసబెల్ బ్రాండర్ వంటివారి కృషి వల్ల పంతొమ్మిదో శతాబ్ది చివర కిండర్‌గార్టెన్ పాఠాలు ఇక్కడి బడులకు పరిచయమయ్యాయి.

ఇటలీ వైద్యురాలు మారియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో పేటలో ‘బాలల గృహం’ తెరిచారు. అక్కడ పిల్లలతో ఉండేందుకు ఆమె తొలుత నియమించిన స్త్రీ బోధనలో శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కాదు. ఆనాటి శిక్షణ కళాశాలల అలవాట్లు లేకపోవడమే మేలైందని మాంటిస్సోరి భావించారు. దీనిని శిక్షణ అనవసరమన్న మాటగా తీసుకోరాదు. చెప్పడం, శాసించడం, దిద్దడం అనే పాత అలవాట్లను విడిచి, చూడడం, వేచి ఉండడం నేర్చుకోవాలన్నది ఆమె ఉద్దేశం. 1909లో చిట్టా ది కాస్టెల్లోలో ఆమె తొలి శిక్షణ తరగతి నిర్వహించారు. 1913లో రోమ్‌లో అంతర్జాతీయ తరగతి జరిగింది. శిశువిద్యలో ‘పరిశీలన’ ఒక వృత్తినైపుణ్యంగా స్థిరపడింది ఈ తరగతులలోనే.

3. భావనగర్: దేశభాషలో శిక్షణ

భారతదేశంలో ఈ ఆలోచనను దేశభాషలోకి, దేశీయ జీవనంలోకి తెచ్చినవారిలో గిజుభాయి బధేకా (1885–1939) ముఖ్యులు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన తన కుమారుని చదువును గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి భావాలను తెలుసుకొన్నారు. నానాభాయి భట్ నడుపుతున్న దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. బాలమందిరం నడవాలంటే దానికి తగిన ఉపాధ్యాయులు కావాలి. అటువంటివారు సిద్ధంగా దొరకరు కనుక 1925లో అధ్యాపన మందిరం ఏర్పడింది. మరుసటి ఏడు, 1926లో, నూతన బాలశిక్షణ సంఘం వెలసింది.

భావనగర్ శిక్షణకు మూడు విశిష్టతలున్నాయి. మొదటిది భాష. శిక్షణ గుజరాతీలో సాగింది. గిజుభాయి ఉపాధ్యాయుల కోసం, తల్లిదండ్రుల కోసం, పిల్లల కోసం పెద్దసంఖ్యలో చిన్నపుస్తకాలు రాశారు. రెండోది స్థలం. శిక్షణార్థులు పిల్లలున్న చోటనే నేర్చుకొన్నారు. అధ్యాపన మందిరానికి బాలమందిరమే పాఠ్యగ్రంథం. మూడోది కథ. ఈ మూడో అంశంలో గిజుభాయి మాంటిస్సోరి మార్గం నుంచి పక్కకు తొలిగారు. ఆరేళ్లలోపు పిల్లలకు అద్భుతకథల కంటె వాస్తవ ప్రపంచపు అనుభవమే ముఖ్యమని మాంటిస్సోరి భావించారు. గిజుభాయి మాత్రం కథను, నాటకాన్ని, లోకగీతాన్ని శిశువిద్యకు కేంద్రంలో నిలిపారు. కథ చెప్పడం కూడా సాధనతో అబ్బే విద్యేనని ఆయన శిక్షణ గుర్తించింది. జానపద కథాసంపద గల దేశంలో ఉపకరణాలు కొనలేని బడికి కథ ఖర్చులేని ఉపకరణం.

ఆయన రచించిన ‘దివాస్వప్నం’ తెలుగు పాఠకులకు ‘పగటికల’గా పరిచితం. అందులోని ఉపాధ్యాయుడు నాలుగో తరగతి పిల్లలకు చెబుతాడు కాబట్టి అది నేరుగా శిశువిద్యా గ్రంథం కాదు. అయినా తరగతి గదిని మొదట కథతో గెలుచుకొనే ఆ ఉపాధ్యాయుని నడక వెనుక బాలమందిరపు అనుభవం ఉన్నది. గిజుభాయిని గుజరాతీలు ‘మీసాల అమ్మ’ అని పిలుచుకొన్నారు. ఈ ముద్దుపేరును కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది. చిన్నపిల్లలను లాలించే గుణం స్త్రీకి పుట్టుకతోనే వస్తుందని నమ్మే సమాజంలో, ఒక పురుషుడు సాధనతో ఆ గుణాన్ని అలవరచుకోవచ్చునని ఆ పేరు తెలియకుండానే ఒప్పుకొంటున్నది. నేర్చుకోదగినది కాకుంటే శిక్షణకు అర్థమే లేదు.

4. అడయారు: యుద్ధకాలంలో ఒక విద్యాపీఠం

1931 అక్టోబరు 28న లండన్‌లోని మాంటిస్సోరి శిక్షణ కళాశాలలో గాంధీజీ ప్రసంగించారు. సంపన్నుల పిల్లలకు అందుతున్న ఈ విద్య అర్ధాకలితో ఉన్న భారతీయ గ్రామాల పిల్లలకు కూడా అందాలన్న ఆకాంక్షను ఆయన వ్యక్తం చేశారు. ఎనిమిదేళ్ల తరువాత, 1939 నవంబరులో, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, రుక్మిణీదేవి ఆహ్వానంపై మాంటిస్సోరి తన కుమారుడు మారియోతో కలిసి మద్రాసులోని అడయారు చేరారు. అదే సంవత్సరం జూన్‌లో గిజుభాయి కన్నుమూశారు. తన ఆలోచనను భారతీయ నేలలో నాటిన వ్యక్తిని మాంటిస్సోరి భారతదేశంలో కలుసుకొనే అవకాశం లేకపోయింది.

అడయారులో జరిగిన తొలి తరగతికి సుమారు 300 మంది హాజరయ్యారు. మాంటిస్సోరి ఇటాలియనులో ఉపన్యసించగా మారియో ఇంగ్లీషులోకి అనువదించేవారు. శిక్షణార్థులు ప్రతి ఉపకరణాన్ని స్వయంగా చేత పట్టి, దానిని పిల్లవాని ముందు ఎలా ఉంచాలో, ఎక్కడ మాట ఆపాలో, ఎప్పుడు పక్కకు తొలగాలో అభ్యసించేవారు. చూసినదానిని, చేసినదానిని బొమ్మలతో సహా స్వదస్తూరీతో పెద్ద పుస్తకాలుగా రాసుకొనేవారు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలపై పిల్లవాడు వేలితో దిద్దడం అక్కడి అభ్యాసాలలో ఒకటి. వీధిబడిలో ఇసుకపై వేలితో ఓనమాలు దిద్దిన సంప్రదాయం తెలిసినవారికి ఈ స్పర్శాభ్యాసం పూర్తిగా కొత్తగా తోచి ఉండదు. వాటి మధ్య ఉన్న తేడా పిల్లవాని చేతిలో కన్న పెద్దవారి తీరులో ఎక్కువ. ఇసుక ముందు కూర్చున్న పిల్లవాని వేలు పట్టి దిద్దించేవారు. గరుకు అక్షరం ముందు కూర్చున్న పిల్లవానికి ఒకసారి చూపి వదిలేవారు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో చేరడంతో మాంటిస్సోరి శత్రుదేశ పౌరురాలైనారు. మారియోను అహ్మద్‌నగర్‌లో నిర్బంధించారు. ఆమె సంచారంపై ఆంక్షలు విధించారు. ఆమె డెబ్బయ్యో పుట్టినరోజైన 1940 ఆగస్టు 31 నాటికి మారియోను విడిచిపెట్టారు. కొద్ది నెలలకని వచ్చిన ఆమె యుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండిపోయారు. అడయారు, కొడైకెనాల్, అహ్మదాబాద్, కరాచీ వంటి చోట్ల తరగతులు జరిగాయి. యుద్ధానంతరం మళ్లీ వచ్చిన కాలాన్ని కలుపుకొంటే భారతదేశంలో ఆమె వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అహ్మదాబాద్ ఉపన్యాసాల ఆధారంగా రూపొందిన ఆమె ప్రసిద్ధ గ్రంథం 1949లో అడయారులోనే తొలిసారి వెలువడింది. పుట్టినప్పటి నుంచి మొదటి ఆరేళ్ల మనసును గురించిన ఆమె పరిణత సిద్ధాంతం ఆ విధంగా తమిళ, తెలుగు ప్రాంతాల ఉమ్మడి రాజధానీనగరం నుంచి ప్రపంచానికి చేరింది.

అడయారు శిక్షణ లోతైనది. కాని దానికి పరిమితులూ ఉన్నాయి. అది ఇంగ్లీషు తెలిసినవారికే అందింది. నిర్దిష్టమైన కొలతలతో తయారైన ఉపకరణాలు ఖరీదైనవి. అందువల్ల శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది పట్టణాల్లోని ప్రైవేటు బడులలో స్థిరపడడం సహజ పరిణామం. కాలక్రమంలో తెలుగు పట్టణాల్లోనూ ‘మాంటిస్సోరి’ అన్న మాట బడి పేరుపలకపై గౌరవసూచకంగా మారింది. పేరు వ్యాపించినంతగా ఆ పేరు వెనుక ఉన్న శిక్షణ వ్యాపించలేదు. గాంధీజీ లండన్‌లో ప్రస్తావించిన పల్లె పిల్లవాడు ఈ వ్యాప్తికి బయటనే ఉండిపోయాడు.

5. బోర్డీ, కోస్‌బాడ్: ముంగిట్లోకి వెళ్లిన బడి

ఆ పిల్లవాని దగ్గరికి వెళ్లినవారు తారాబాయి మోడక్ (1892–1973). రాజ్‌కోట్‌లోని స్త్రీల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆమె ఆ ఉద్యోగం వదిలి భావనగర్‌లో గిజుభాయితో కలిసి పనిచేశారు. శిక్షణ కళాశాలను నడిపిన వ్యక్తి తిరిగి శిక్షణార్థిగా మారడం ఆమె జీవితంలోని విశేషం. 1945లో ఆమె బొంబాయికి ఉత్తరాన ఉన్న బోర్డీ గ్రామంలో గ్రామ బాలశిక్షా కేంద్రం ఆరంభించారు. అక్కడ ఆమెతో చేరిన అనుతాయి వాఘ్ (1910–1992) బాలవితంతువు. పదమూడేళ్లకు పెళ్లై, కొద్ది నెలలకే భర్తను కోల్పోయి, ఉద్యోగం చేస్తూనే చదువుకొన్న స్త్రీ.

బోర్డీలో బాలవాడి తెరిచినంత మాత్రాన పేదపిల్లలు రాలేదు. పేదల వాడలలో తల్లిదండ్రులు కూలికి పోతే పెద్దపిల్ల చంటిపిల్లను ఎత్తుకొని ఇంట్లో ఉండాలి. అందుచేత పిల్లలు బడికి రాకుంటే బడే పిల్లల వద్దకు వెళ్లాలని తారాబాయి నిర్ణయించారు. వాడలోని ఇంటి ముంగిట్లో, చెట్టు నీడలో బడి నడిచింది. ముంగిలి అన్న అర్థమిచ్చే ‘అంగణ’ శబ్దం నుంచే ‘అంగన్‌వాడీ’ అన్న పేరు ఏర్పడింది. 1950ల చివర ఈ కృషి కోస్‌బాడ్ కొండమీది వార్లీ ఆదివాసుల మధ్యకు చేరింది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయళ్లలోనే బడి నడిపారు. పసిబిడ్డల సంరక్షణ కేంద్రం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల – మూడింటినీ ఒకే ఆవరణలో కూర్చారు. చంటిబిడ్డను పక్కనే వదలగలిగితే అక్క బడికి రాగలదన్నది ఈ కూర్పు వెనుక ఉన్న తర్కం.

శిక్షణచరిత్ర దృష్టితో కోస్‌బాడ్ ప్రాముఖ్యం వేరు. ఖరీదైన ఉపకరణాల స్థానంలో గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, గింజలు, పూలు వచ్చాయి. పైకి ఇది సరళీకరణగా కనిపిస్తుంది. నిజానికి ఇక్కడ ఉపాధ్యాయిని పని మరింత క్లిష్టమైంది. ముందే తయారై ఉన్న ఉపకరణంలో అభ్యాసక్రమం ఇమిడి ఉంటుంది. గులకరాళ్ల గుప్పెడులో ఉండదు. ఆ క్రమాన్ని ఉపాధ్యాయినే ఊహించి నిర్మించాలి. దానికి తోడు స్నానం, పుండ్లు, ఆకలి, వేరొక భాష, తల్లిదండ్రుల అనుమానం, కులభేదం – వీటన్నింటి మధ్య ఆమె పనిచేయాలి. కాబట్టి పేద పల్లెలో పనిచేసే ఉపాధ్యాయినికి పట్టణ ఉపాధ్యాయిని కంటె ఎక్కువ శిక్షణ కావాలన్నది కోస్‌బాడ్ అనుభవం నుంచి తేలే సారం. తరువాతి ప్రభుత్వ పథకాలు అంగన్‌వాడీ అన్న పేరును స్వీకరించాయి. ఈ సారాన్ని అంతగా స్వీకరించలేదు.

6. ఉపాధ్యాయినా, సేవికా?

1944 నాటి సార్జెంట్ నివేదిక నర్సరీ విద్యకు పది లక్షల స్థానాలు కల్పించాలని, అందులో ప్రత్యేక శిక్షణ పొందిన స్త్రీలనే నియమించాలని సిఫారసు చేసింది. 1945లో సేవాగ్రామ్‌లో నయీతాలీం పరిధి విస్తరించి, ‘పూర్వ బునియాదీ’ దశ అందులో చేరింది. శిశువిద్య జాతీయావసరమన్న అంగీకారం స్వాతంత్ర్యం నాటికే ఉన్నదని ఇవి తెలుపుతున్నాయి. ఎవరు చేయాలన్న ప్రశ్నకు సమాధానం మాత్రం విద్యాశాఖ నుంచి కాక సంక్షేమరంగం నుంచి వచ్చింది.

ఇక్కడ తెలుగువారి పాత్ర గణనీయమైనది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలైనారు. మండలి చేపట్టిన గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలలో బాలవాడి ఒక ప్రధానాంగం. అయితే గ్రామాలలో పనిచేయడానికి కనీస చదువు గల స్త్రీలే దొరకలేదు. ఈ కొరతకు దుర్గాబాయి చూపిన పరిష్కారం ఆమె సొంత అనుభవం నుంచి వచ్చింది. బాల్యంలో కాకినాడలో స్త్రీలకు హిందీ నేర్పిన ఆమె, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ద్వారా చదువు మధ్యలో ఆగిన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేశారు. ఆ నమూనాపై 1958లో వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యాకోర్సులు దేశవ్యాప్తంగా ఆరంభమయ్యాయి. వితంతువులు, భర్తృపరిత్యక్తలు, పేద స్త్రీలు రెండేళ్లలో పరీక్ష ఉత్తీర్ణులై ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా, బాలసేవికలుగా నిలదొక్కుకొనే మార్గం ఏర్పడింది.

ఈ కృషికి పూర్వరంగం సంస్కరణోద్యమంలో ఉన్నది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరులో స్థాపించిన శారదానికేతనం, మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువులను ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దిన కృషి ఇటువంటివే. చదువు చెప్పే పని వితంతువుకు గౌరవప్రదమైన బ్రతుకుతెరువైంది. అనుతాయి జీవితం కూడా ఈ వరుసలోనిదే. ఈ చరిత్రకు రెండో ముఖం కూడా ఉన్నది. ఆశ్రయం పొందిన స్త్రీ చేసే పని ‘సేవ’గా గౌరవం పొందింది, వృత్తిగా హక్కులు పొందలేదు. సేవకు కృతజ్ఞత చెబుతారు, సన్మానం చేస్తారు. జీతపు పట్టీ రాయరు. భారత శిశుసంక్షేమ మండలి మూడో పంచవర్ష ప్రణాళికాకాలంలో నిర్వహించిన బాలసేవికా శిక్షణలో ఈ రెండు ముఖాలూ కలిసే ఉన్నాయి. శిక్షణ నెలల తరబడి సాగే గట్టి శిక్షణే. పేరు మాత్రం ‘సేవిక’.

7. విస్తరణ, సంకోచం

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. అనుపూరక పోషకాహారం, అనియత పూర్వప్రాథమిక విద్య, పోషకాహార ఆరోగ్యవిద్య, టీకాలు, ఆరోగ్యపరీక్ష, వైద్యకేంద్రాలకు పంపడం – ఈ ఆరు సేవలూ ఒకే కేంద్రంలో, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలి చేతుల మీదుగా అందాలి. ఆకలితో ఉన్న పిల్లవానికి చదువు ఎక్కదన్న కోస్‌బాడ్ ఎరుక ఈ కూర్పులో ఉన్నది. అయితే ఆరు సేవలలో విద్య ఒకటి మాత్రమే. తూకం, రిజిస్టరు, పంపిణీ – వీటి లెక్క ఏరోజుకారోజు చూపాలి. కథ చెప్పారా లేదా అన్నదానికి లెక్క లేదు. లెక్క ఉన్న పని లెక్కలేని పనిని పక్కకు నెట్టడం పాలనలో తరచు జరిగేదే.

శిక్షణలో ఈ ప్రాధాన్యక్రమమే ప్రతిఫలించింది. జాతీయ ప్రజాసహకార శిశు అభివృద్ధి సంస్థ పర్యవేక్షణలో మొదట నెలల కాలం సాగిన ఉద్యోగశిక్షణ క్రమంగా తరిగింది. ఆరు రోజుల ప్రవేశశిక్షణ, 26 పనిదినాల ఉద్యోగశిక్షణ, ఆపై అప్పుడప్పుడు అయిదు రోజుల పునశ్చరణ – ఇదీ స్థిరపడిన క్రమం. 26 దినాలను ఆరు సేవలకు పంచితే శిశువిద్యకు దక్కేది కొద్ది రోజులు. ఇదే కాలంలో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలు పూర్వప్రాథమిక విద్యలో డిప్లొమాకు రెండేళ్ల కాలం నిర్దేశించాయి. అంటే ఒకే వయసు పిల్లలకు, ఒకే దేశంలో, రెండు ప్రమాణాలు ఏర్పడ్డాయి. గుర్తింపు పొందిన ఉపాధ్యాయినికి రెండేళ్లు. పేదపిల్లల ఉపాధ్యాయినికి 26 రోజులు.

సంఖ్యలో పెద్దదైన పథకానికి దీర్ఘశిక్షణ సాధ్యం కాదన్న వాదన ఒకటి ఉన్నది. దానిలో కొంత సత్యం లేకపోలేదు. లక్షలాది కార్యకర్తలను ఏడాదిపాటు కేంద్రం నుంచి తప్పిస్తే పిల్లల పోషకాహారం ఆగిపోతుంది. కాని వైద్యరంగంలో నర్సుల కొరత తీర్చడానికి నర్సింగ్ శిక్షణను 26 రోజులకు కుదించలేదు. కుదింపు సాధ్యమైంది శిశువిద్యలోనే. కారణం, ఈ పని స్త్రీకి సహజంగా వస్తుందన్న నమ్మకం. క్యాంప్‌బెల్ మెచ్చుకొన్న మద్రాసు పద్ధతిలో పెద్దపిల్లవాడు ఉన్న స్థానంలోకి ఇక్కడ ‘తల్లివంటి కార్యకర్త’ వచ్చింది. ‘మీసాల అమ్మ’ అన్న పేరు సూచించిన సత్యం మరుగున పడింది.

8. గౌరవవేతనం, న్యాయనిర్ణయం

శిక్షణ తరిగినప్పుడు వృత్తిస్థాయి కూడా తరుగుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త పొందేది జీతం కాదు, ‘గౌరవవేతనం’. కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఈ కార్యకర్తలది ప్రభుత్వ సివిల్ పదవి కాదని తీర్పు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షను మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పూర్వప్రాథమిక విద్యకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చునని పేర్కొన్నది. ఈ సెక్షనును ఆధారం చేసుకొనే 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు మణిబెన్ మగన్‌భాయి భారియా కేసులో భిన్నమైన దృష్టితో తీర్పునిచ్చింది. అంగన్‌వాడీ కేంద్రాలలో పూర్వప్రాథమిక విద్య కూడా జరుగుతున్నదని గుర్తిస్తూ, కార్యకర్తలు, సహాయకురాళ్లు 1972 గ్రాట్యుటీ చట్టం కింద అర్హులేనని ధర్మాసనం నిర్ణయించింది. ఈ వ్యాజ్యం గుజరాత్‌లోని దాహోద్ జిల్లాకు చెందినది. దేశభాషలో శిశువిద్య శిక్షణకు రూపమిచ్చిన భావనగర్ ఆ రాష్ట్రంలోనిదే.

తీర్పు వెలువడినా కార్యకర్తల అసంతృప్తి చల్లారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో ప్రారంభమైన అంగన్‌వాడీ కార్యకర్తల సమ్మె వేతనపెంపు, గ్రాట్యుటీ ప్రధాన కోర్కెలుగా 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని ప్రయోగించింది. సమ్మె చేయరాదనేంత అత్యవసరమైన పని, జీతం ఇవ్వవలసినంత వృత్తి కాదా అన్న వైరుధ్యం ఈ సందర్భంలో స్పష్టంగా ముందుకు వచ్చింది.

2020 జాతీయ విద్యావిధానం శిక్షణ ప్రశ్నను మళ్లీ తెరిచింది. ఇంటర్మీడియట్, ఆపై చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటె తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని ప్రతిపాదించింది. పనికి అంతరాయం కలగకుండా టీవీ, స్మార్ట్‌ఫోన్ల ద్వారా పాఠాలు అందించి, విద్యాశాఖ సమూహ వనరుల కేంద్రాలు మార్గదర్శనం చేయాలని సూచించింది. 26 రోజుల నుంచి ఆరు నెలలకు పెరగడం ఆహ్వానింపదగినదే. అయితే శిశువిద్యలో శిక్షణ అంటే పాఠం వినడం మాత్రమే కాదన్నది పైన చూసిన మూడు సంప్రదాయాల ఉమ్మడి అనుభవం. భావనగర్‌లో బాలమందిరం పక్కనే ఉన్నది. అడయారులో ఉపకరణం చేతిలో ఉన్నది. కోస్‌బాడ్‌లో వాడ ముందున్నది. తాను పనిచేసే తీరును అనుభవజ్ఞురాలైన మరొకరు పక్కన నిలిచి గమనించి చెప్పే అవకాశం తెరమీది పాఠంలో ఉండదు. మార్గదర్శనం అన్న మాట ఎంతమేరకు ఆచరణలోకి వస్తుందన్న దానిపైనే ఈ ప్రతిపాదన ఫలితం ఆధారపడి ఉన్నది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, భారతదేశంలో శిశువిద్య ఉపాధ్యాయిని శిక్షణ విదేశీ పద్ధతికి అనుకరణగా మిగిలిపోలేదు. భావనగర్ దానికి దేశభాషను, కథను చేర్చింది. కోస్‌బాడ్ దానికి ముంగిలిని, గులకరాయిని చేర్చింది. రెండు, శిక్షణ పట్టణం నుంచి పల్లెకు, సంపన్నుల నుంచి పేదలకు కదిలినప్పుడు దాని కాలం, స్థాయి తరిగిపోయాయి. పని కష్టం పెరిగిన చోట శిక్షణ తగ్గడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం. మూడు, ఈ వైరుధ్యానికి మూలం నిధుల కొరత ఒక్కటే కాదు. చిన్నపిల్లల చదువుకు ప్రత్యేక నేర్పు అక్కరలేదన్న భావన, స్త్రీ చేసే పనిని సేవగా మాత్రమే చూసే దృష్టి దానికి తోడైనాయి.

తెలుగు నేలపై చదువు అక్షరాభ్యాసంతో మొదలవుతుందన్నది తరతరాల నమ్మకం. అక్షరానికి ముందున్న మాట, ఆట, పాట, కథ కూడా చదువేనని గుర్తించిన రోజున వాటిని అందించే స్త్రీ ఉపాధ్యాయినిగా నిలుస్తుంది. ఆ గుర్తింపు నియామకపత్రంలోనూ, జీతపు పట్టీలోనూ, అంతకు ముందు శిక్షణకాలంలోనూ కనిపించాలి. తారాబాయి, అనుతాయిలు బడిని ముంగిట్లోకి తీసుకువెళ్లి డెబ్బయ్యేళ్లు దాటింది. ఆ ముంగిట్లో నిలబడిన స్త్రీకి దక్కవలసిన స్థానం ఇంకా దక్కవలసే ఉన్నది.